నేను పీకిన సున్నా మెట్టు

నా చేతుల మీదుగా జరిగిన ఒక ఘోరం చెబుతాను, వినండి. గిటారు వాయించే సున్నిత హృదయులెవరైనా ఉంటే ముందే మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. తక్కినవాళ్లు హాయిగా నవ్వుకోవచ్చు. పదేళ్లయింది, నా సిగ్గు కూడా పాతబడిపోయింది.

అప్పుడు నేను వేలూరులో బీకామ్ రెండో సంవత్సరం. మా పెదనాన్న గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. వయసులో ఉన్నప్పుడు తిరునాళ్ల పాటకచేరీల్లో గిటారు కూడా వాయించేవాడట. ఆ గిటారు ఐదేళ్లుగా బీరువా మీదే పడి ఉంది. నేను ఆశగా చూస్తుంటే దించి నా చేతిలో పెట్టాడు.

"తీసుకోమ్మా గిరిజా. వచ్చే నెల నాకు అరవై నిండుతాయి గదా, ఆ పొద్దు ఒక పాట వాయించు. అంతే చాలు."

కోతికి కొబ్బరికాయ దొరికితే కనీసం పగలగొట్టడమైనా తెలుసు. నాకు అదీ తెలియదు. ఫోనులో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాను.

గిటారు మెడ మీద అడ్డంగా లోహపు కమ్మీలుంటాయి. వీణకున్నట్టే వాటినీ మెట్లనుకోండి, వాటి నడుమ జాగాల్ని గడులనుకోండి. మూడో గడిలో చుక్క ఉంటుందన్నాడు వీడియో మాస్టారు. నేను లెక్కపెడితే నాలుగో గడిలో ఉంది! పరీక్షగా చూస్తే, మెడ చివర తీగల్ని పట్టి ఉంచే గాట్ల పట్టీని ఆనుకుని ఒక మెట్టు అదనంగా కనబడింది. మాస్టారి గిటారుకి అది లేదు.

'చేసినవాడు నిద్రమత్తులో ఒకటి ఎక్కువ కొట్టేశాడు. పాపం పెదనాన్న, ఇన్నేళ్లూ దాంతోనే నెట్టుకొచ్చాడు!' అనుకున్నాను. జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి ఓనరమ్మ దగ్గర కటింగ్ ప్లేయరు అడిగి తెచ్చాను. తీగలు వదులు చేసి, కదిలే పన్ను పీకినట్టు ఆ మెట్టును పీకేశాను. దాంతోపాటు చిన్న చెక్కపెచ్చు కూడా లేచివచ్చింది. పట్టించుకోలేదు. తీగలు బిగించి గర్వంగా మీటాను.

"జుయ్య్య్!"

సీసాలో పడ్డ జోరీగ. ఇంకో తీగ మీటితే ఇంకో జోరీగ. ఆరు తీగలూ కిందికి జారి, తక్కిన మెట్ల మీద పడుకున్నాయి. అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను మెట్టు ఊడాక బంక పట్టుకున్నాను. మెట్టు అంటలేదు, నా రెండు వేళ్లు మాత్రం అంటుకుపోయాయి.

మరునాడు గిటారును దుప్పట్లో చుట్టి, మెట్టును అగ్గిపెట్టెలో పెట్టి, బజారులో వీణలూ గిటార్లూ బాగుచేసే ముసలి ఆచారి దగ్గరికి పరుగెత్తాను.

"ఇక్కడుండే మెట్టు యాడ పోయింది?" అన్నాడు.

అగ్గిపెట్టె తెరిచాను.

"ఎవరు పీకినారు?"

"ఎలుక."

ఆయన మెట్టును అటూ ఇటూ తిప్పి, దాని కొసల మీది నొక్కులు చూశాడు. "ఎలుక కటింగ్ ప్లేయరు ఎత్తుకొని వచ్చినాదా?"

భోరుమన్నాను. "ఇంక ఎనిమిది దినాలే ఉండాది తాతా! పెదనాయన మొగం ఎట్లా చూసేది?"

"ఊరికే ఏడవొద్దు, విను. ఇది తప్పు గాదు, లెక్కలోకి రాని సున్నా మెట్టు. తీగలు దీని మీదనే పండుకోవాల. అప్పుడు వేలు పెట్టి మీటినా, పెట్టకుండా మీటినా గొంతు ఒకే మాదిరి ఉంటాది. తీగలు ఎత్తు తక్కువ గాబట్టి వేళ్లకి నొప్పీ తక్కువ. ఆ గాట్ల పట్టీ తీగలకి దారి చూపించేదానికే. అందుకే దాని గాట్లు లోతు."

"అంత మంచిదైతే అన్ని గిటార్లకీ ఎందుకు పెట్టరు?"

"దీనికీ ఒక రోగం ఉండాది. ఆరు తీగలూ పొద్దస్తమానం దీన్నే ఒరుసుకుంటా ఉంటాయి. తొందరగా అరిగిపోతాది. ఇదో, చూడు." మెట్టును వెలుతురులో పట్టాడు. దాని మీద వరసగా ఆరు గుంతలు. "ఇది చచ్చి శానా ఏండ్లయినాది. నువ్వు పీకింది పీనుగని, ప్రాణాన్ని కాదు."

నా జన్మలో ఇంత గొప్ప ఓదార్పు మాట మళ్లీ ఎవరూ చెప్పలేదు. చెక్కపెచ్చును అతికి, కొత్త మెట్టు దిగ్గొట్టి, చెప్పిన రోజుకి చేతికిచ్చాడు.

గుడియాత్తంలో చుట్టాలందరి ముందు నా పాట వాయించాను. దాని సంగతి ఎక్కువ అడక్కండి. సగం అయ్యాక మా మేనత్త, "ఇంక మొదలుపెట్టమ్మా," అంది.

పెదనాన్న మాత్రం తల వంచి వింటున్నాడు. "ఇట్లియ్యి," అని గిటారు తీసుకుని, వేలు ఆనించకుండా ఒక్కొక్క తీగే మీటాడు. గుడిగంటల్లా మోగాయి.

"దీన్నేం చేసినావు గిరిజా?"

"ఒక మెట్టు ఎక్కువుండాదని పీకేసినాను పెదనాయనా. ఆచారి తాత కొత్తది ఏసినాడు," అన్నాను నేల చూస్తూ. అరిగిపోయిన పాతదాన్ని కూడా చేతిలో పెట్టాను.

ఆయన దాని గుంతలు ఒక్కొక్కటే తడిమాడు. కళ్లలో నీళ్లు.

"ఏ తీగ మీటినా జుయ్యిమంటా ఉండె. మగ్గం మోతకి నా చెవులే పోయినాయనుకున్నా. ఇంక మనకెందుకులే అని ఎత్తి పెట్టేసినా. చెవులు బాగనే ఉండాయి అయితే!"

తర్వాత గంటసేపు విస్తళ్ల ముందు చుట్టాలు ఎదురుచూస్తూనే ఉన్నారు, ఆయన వాయిస్తూనే ఉన్నాడు. ఒక్కమాట తిట్టకపోగా నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆయనకీ, ఆ ఆచారికీ నేను తీర్చుకోలేని రుణం అది.

పెదమ్మ మాత్రం నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. ముఖం పాలిపోయి ఉంది.

"మీ పెదనాయనకి చెవులు పోయినాయని నమ్మి, ఐదేండ్లుగా ఎదురుగానే నిలబడి తిట్టుకుంటా ఉండాను గదమ్మే! అంతా విన్నాడంటావా?"

పాట ఆగకుండానే హాల్లోంచి జవాబొచ్చింది: "అంతా విన్నానే!"

కనుక మా వేలూరు పక్కనుండే విరించిపురం స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకు అర్థం కానిదాన్ని ఇక ఏనాడూ అదనం అనుకోను. పీకక తప్పకపోతే ముందు పెద్దవాళ్లను అడుగుతాను. దాంతో బయటపడే గుట్టేమైనా ఉందా అని పెదమ్మనైతే రెండుసార్లు అడుగుతాను.