నునుపు చేసిన అతుకు

సెలవుకి వచ్చినప్పుడల్లా అరసవల్లి మలుపులోని టీకొట్టు దగ్గర నా చుట్టూ జనం చేరేవారు. గల్ఫ్ వెళ్ళాలంటే ఏం చెయ్యాలని అడిగేవారు. నేనూ చెప్పడానికి వెనకాడేవాణ్ణి కాదు. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడి గుమ్మం తొక్కొద్దనేవాణ్ణి. ఒప్పందం కాగితంలో జీతం ఒక్కటే చూడొద్దు, తిండి, గది, తిరుగు టిక్కెట్టు ఎవరి ఖర్చో చూసుకోమనేవాణ్ణి. పాస్‌పోర్టు ఎవరి చేతిలో పెట్టినా జిరాక్సు ఇంట్లో ఉంచమనేవాణ్ణి. అడగనివాళ్ళకి కూడా పిలిచి చెప్పేవాణ్ణి. ఆ జబ్బు నాకు ఉంది.

పోయిన ఏడాది గల్ఫ్‌లో నేను పనిచేసే కంపెనీ పైపు వెల్డర్లను ఎంపిక చెయ్యడానికి ఒక ఇంజనీరుని విజయనగరం పంపుతూ, తోడుగా నన్ను కూడా పంపింది. ఊరి చివర రేకుల షెడ్డులో పరీక్ష. ఒకప్పుడు ఇలాంటి షెడ్డు బయట ఎండలో నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాను. కాస్త ఛాతీ విరుచుకునే కూర్చున్నానని ఒప్పుకుంటాను. అప్పుడు వరసలో నాలుగో మనిషిని చూశాను. ఆయన మా మేస్త్రి.

చీపురుపల్లిలో ఆయనకి గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపు ఉంది. నాకు వెల్డింగు నేర్పింది ఆయనే. నాలుగేళ్ళు ఆయన దగ్గరే పని చేశాను, ఆయన ఇంటి అన్నం తిన్నాను. ఇప్పుడు గేట్లు మిషన్ల మీద కోసి రెడీమేడ్‌గా వస్తున్నాయి, ఆయన షాపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారని వింటూనే ఉన్నాను. బల్ల దగ్గరికి వచ్చి పాస్‌పోర్టు నా చేతికిస్తూ "నమస్తే సార్" అన్నాడు, నేనెవరో తెలియనట్టు. తెలిసినవాణ్ణి తీసుకున్నానని నన్నెవరూ మాట అనకూడదని అలా అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ చూశాను. యాభై నిండటానికి ఇంకా రెండు నెలలుంది. యాభై దాటినవాళ్ళని మా కంపెనీయే కాదు, గల్ఫ్‌లో దాదాపు ఏ కంపెనీ కొత్తగా తీసుకోదు. ఈ అవకాశం తప్పిపోతే ఆయన షాపు మూసేసి, ఆ రెడీమేడ్ గేట్లు అమ్మేవాడి దగ్గరే రోజుకూలికి చేరాలి.

పరీక్షలో పైపుని ఏటవాలుగా బిగిస్తారు. దాన్ని తిప్పకుండా మనిషే చుట్టూ వంగి, కూర్చుని, పొర మీద పొర వేసి అతకాలి. నియమాలన్నీ గోడ మీద ఇంగ్లీషులో అంటించి ఉన్నాయి. పని మొదలయ్యాక మేమిద్దరం ఎవరితోనూ మాట్లాడకూడదని ఇంజనీరు ముందే చెప్పాడు.

మేస్త్రి చెయ్యి ఏమీ మారలేదు. మొదటి పొర చూసి ఇంజనీరు మెచ్చుకోలుగా నా మోచెయ్యి తట్టాడు. రెండోది, మూడోది కూడా అలాగే పడ్డాయి. చివరి పొర కూడా అయిపోయింది. ఇంక బ్రష్షుతో తుడిచి చెయ్యెత్తితే చాలు, గెలిచినట్టే. టైము ఇంకా పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలు చూసే నాకు భయం వేసింది.

ఆయన మాస్కు పైకి తీసి అతుకు మీద వేలు పెట్టి రాశాడు. ఆ వేలు నాకు తెలుసు. వేలికి అతుకు తగలకూడదు, అదే ఆయన షాపులో మొదటి పాఠం. మా వైపు ఏ గేటయినా చివర్న గ్రైండరుతో రుద్ది నున్నగా చేస్తేనే పని వచ్చినవాడంటారు. పైపు పరీక్షలో అదే తప్పు. పై పొరని వేసింది వేసినట్టు వదిలెయ్యాలి. రుద్దితే లోపం కప్పిపెట్టాడనే అర్థం, మరో మాట లేకుండా ఫెయిలు చేస్తారు. ఎనిమిదేళ్ళ కిందట నా మొదటి పరీక్షలో నేనూ ఇలాగే రుద్ది ఫెయిలయ్యాను. సిగ్గేసి, పోస్టులు లేవన్నారని మేస్త్రికి అబద్ధం చెప్పాను. రెండోసారి గెలిచి వెళ్ళిపోయాను.

మేస్త్రి గ్రైండరు అందుకున్నాడు. నేను దగ్గాను. ఆయన చూడలేదు. కుర్చీలోంచి లేచాను. ఇంజనీరు నా మొహం వంక చూశాడు. ఆ చూపుకి భయపడి మళ్ళీ కూర్చున్నాను, దానికి ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను. గ్రైండరు మోత ఆగాక మేస్త్రి మెడలోని తువ్వాలుతో పైపు తుడిచి, గేటు కొనడానికి వచ్చినవాళ్ళకి చూపించినట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. ఇంజనీరు ఆ పైపు దగ్గరికి కూడా వెళ్ళలేదు. కాగితం మీద మేస్త్రి పేరుకి గీత కొట్టాడు.

సాయంత్రం షెడ్డుకి ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర మేస్త్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. తప్పెక్కడ జరిగిందో చెప్పాను. మన దగ్గర రుద్దకపోతేనే కదా తప్పు అన్నాడు. నిజమే అన్నాను.

"నీకెప్పుడు తెలిసినాది ఇది?" అన్నాడు.

రెండో అబద్ధం నోటికి రాలేదు. మొదటి పరీక్ష సంగతి చెప్పేశాను.

"పోస్టులు లేవన్నావు గదరా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండేది. "ఊరందరికీ సెప్తన్నావని ఇన్నాను. సంతోషపడ్డాను కూడాను. నా షాపు సీపురుపల్లిలోనే ఉన్నాది గదరా. ఒక్క మాట సెప్పలేకపోయావేటి?"

రైలు వేళవుతోందని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండో జట్టు వచ్చింది. పని మొదలెట్టే ముందు నేను లేచి, చివరి పొర మీద గ్రైండరు పెట్టొద్దని అందరికీ తెలుగులో చెప్పాను. ఏం చెప్పావని ఇంజనీరు అడిగాడు. భయపడుతూనే చెప్పాను. మంచి పని చేశావు, మొదలవకముందు చెబితే తప్పేముంది, నిన్న ఎందుకు చెప్పలేదు అన్నాడు.