మస్కట్ మేడం, మా అమ్మమ్మ భుజం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి జీతం కంటే, సెలవుల కంటే ఎక్కువగా కావలసింది ఒకటుంది. పక్క మనిషికి మనకన్నా మంచి పేరు రాకూడదు. మీకు ఎప్పుడూ అలా అనిపించలేదంటే మీరు చాలా గొప్పవాళ్లు, మీకూ నాకూ స్నేహం కుదరదు. అమలాపురంలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో చేరిన ఏడాది నేను అసూయతో సరిగా అన్నం కూడా తినలేదు. (అబద్ధమెందుకు, తిన్నాను. కుళ్లుకుంటే నాకు ఆకలి ఎక్కువ.) దానికి కారణం ఆకుపచ్చ తెరకు అవతలి బల్ల దగ్గర పనిచేసే మా సీనియరు. ఒంగోలు వైపు మనిషి, మస్కట్‌లో ఉద్యోగం చేసి, ఈ ఊరి కోడలై వచ్చింది. అందుకని అందరికీ మస్కట్ మేడం.

మేమిద్దరం చేసేది మాన్యువల్ థెరపీ. అంటే కరెంటు పెట్టెలూ తీగలూ పక్కనపెట్టి, బిగుసుకుపోయిన మెడనో భుజాన్నో చేతులతోనే పట్టి మెల్లగా కదిలించడం. ఇందులో చేతులే సరుకు కాబట్టి, ఆ చేతులు ఎక్కడెక్కడ తయారయ్యాయో పేషెంట్లకు చెప్పడం మా డాక్టరుగారి అలవాటు. "ఈవిడ బెంగళూరులో మాస్టర్స్ చేసేరండీ. ఆ తరవాత మస్కట్‌లో పెద్దాసుపత్రి. అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్ల నడుములన్నీ ఈవిడ చేతి మీదుగానే బాగయ్యేయండీ. మళ్లీ ఈ చేతుల వైద్యానికని ప్రత్యేకంగా కోర్సులు చేసేరు" అని ఆ ప్రవర సాగుతూనే ఉండేది. తరవాత నా వైపు తిరిగి, "ఈ అమ్మాయి మనమ్మాయేనండీ. పలివెల టీచరమ్మగారి మనవరాలు" అనేవారు. అంతే! నా చదువంతా ఏ గోదాట్లో కలిసిందో ఆయనకే తెలియాలి. గోడ మీద బోర్డులో ఆవిడ పేరు వెనక డిగ్రీలు రెండో వరసలోకి దిగాయి. నా పేరు వెనక మూడే అక్షరాలు, అవి కూడా బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉండేవి.

డిగ్రీలతో పోయిందా అంటే అదీ లేదు. తెర అవతల నుంచి ఎప్పుడూ ఒకటే మాట. "నొప్పిగా ఉందా అండీ?" అని ఆవిడ అడగడం, "ఆయ్, లేదండీ, హాయిగా ఉందండీ" అని పేషెంటు అనడం. నా బల్ల మీద పడుకున్నవాళ్లు మాత్రం ముందు మా మావయ్య దుబాయ్ నుంచి ఎప్పుడొస్తున్నాడో కనుక్కునేవారు, నేను చెయ్యి వేయగానే గావుకేకలు పెట్టేవారు. "ఓసి నీ అఘాయిత్యం కూలా! మెడనుకున్నావా, కొబ్బరికాయనుకున్నావా, అలా ఒలిచేస్తున్నావు?" అని ఒకావిడ అరిచిన అరుపుకి బయట వరసలో ఉన్న ఇద్దరు లేచి ఇంటికి వెళ్లిపోయారు. అదే మనిషి మర్నాడు మస్కట్ మేడంకి ఎదురుపడితే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. నాకెలా ఉంటుందో చెప్పండి!

అలాంటి సమయంలో మా అమ్మమ్మ భుజం బిగుసుకుపోయింది. పలివెలలో ఆవిడ దగ్గరే ఉండి నేను రోజూ బస్సులో అమలాపురం వెళ్లొచ్చేదాన్ని. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒకరి చేత పని చేయించుకోవడం ఆవిడకు చిన్నతనం. కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవకపోవడంతో పొద్దున్నే కొప్పు నేను వేయాల్సి వచ్చేది. వేసినంతసేపూ తిట్లే. ఆదివారం గుడికి వెళ్లేటప్పటికి తన కొప్పు తను ముడుచుకోవాలన్నది ఆవిడ కోరిక. ఆ చెయ్యి నేనే పైకి లేపాలన్నది నా కోరిక. సొంత అమ్మమ్మ నా బల్ల మీద పడుకుని బాగుపడితే, ఇంక ఏ మస్కట్ వచ్చి నన్నేం చేస్తుంది?

"నీ దగ్గరా?" అంది అమ్మమ్మ. "చిన్నప్పుడు బొమ్మల చేతులన్నీ ఊడబీకినదానివి. నా చెయ్యి నీకిస్తానా? ఆ మస్కట్ మేడంగారి దగ్గరికి తీసుకెళ్లు. ఎన్ని కోర్సులు చేసేరో!" (ఆ కోర్సుల సంగతి ఆవిడకు ఎలా తెలుసంటారా? రోజూ రాత్రి అన్నం తింటూ మేడం మీద ఏడ్చి ఏడ్చి నేనే చెప్పాను.)

అమ్మమ్మ తెర అవతలి బల్ల ఎక్కింది. నేను ఇవతల ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని, చెవులు మాత్రం అటు పడేశాను. "నొప్పిగా ఉందా మామ్మగారూ?" "ఆయ్, లేదండీ, ప్రాణం లేచొచ్చినట్టుందండీ." జన్మలో నాతో ఒక్క మంచి మాట అనని మా అమ్మమ్మ! నాకు ఏడుపొచ్చింది. మోకాలు పెద్దాయన "ఏమ్మా, నా కాలు మీద నీకేం కక్ష?" అని అరిచాడు. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఆవిడ పక్క సీటువాళ్లకి కూడా మేడంగారి హస్తవాసి వర్ణిస్తుంటే నేను కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాను.

చాలా రోజులు గడిచాయి. పొగడ్తలు పెరిగాయి కానీ చెయ్యి మాత్రం లేవలేదు. ఒకరోజు పొద్దున్నే కొప్పు వేస్తూ పొరపాటున భుజానికి చెయ్యి తగిలించానో లేదో, "చచ్చేనే! నిన్న ఆవిడ నొక్కినచోటే నొక్కేవు!" అని గట్టిగా అరిచింది.

"నొక్కినప్పుడు నొప్పి పుట్టిందా? మరి ఆవిడతో హాయిగా ఉందన్నావేంటి?"

"బాగుంది వరస! అంత చదువుకున్న మనిషి, మన ఊరొచ్చి, నవ్వుతా అడుగుతుంటే బాలేదని మొహం మీద చెప్పేస్తామా? ఏమనుకుంటారు పాపం?"

తెర అవతల వినిపించే ఆ 'హాయిగా ఉందండీ'లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నీ మర్యాదే! ఆ రోజు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను, అంత సంతోషం. ఈ మాట మేడం చెవిన ఎలా వేయాలా అని నాలుగు రకాలుగా ఆలోచించుకున్నాను, నాలుగూ కాస్త కుట్టేలాగే.

తీరా వెళితే ఆవిడే నన్ను పక్కకు పిలిచింది. "నీ పేషెంట్లు నిన్ను అంతలా తిడతారు కదా, ఏం చేస్తే అలా తిడతారు?" అని అడిగింది. ఎగతాళి అనుకున్నాను. కాదు. ఆవిడ మొహంలో ఉన్నది నేను రోజూ అద్దంలో చూసుకునేదే. "మస్కట్‌లో చెయ్యి వేస్తే చాలు అరిచేవాళ్లు. ఎక్కడ అరిస్తే అక్కడ ఆగేదాన్ని. ఇక్కడ ఏం చేసినా బాగుందండీ అంటారు. ఎంత వరకు కదపాలో తెలియక భయంగా ఉంటోంది. నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది నాకు."

నా నాలుగు రకాల మాటలూ పక్కన పెట్టేశాను. "మేడం, మీరు చదువుకున్నావిడ. నేను వాళ్ల పిల్లని. అంతేనండీ తేడా" అన్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ బల్ల ఎక్కగానే మేడం తన చెయ్యి కింద నా చెయ్యి కూడా పెట్టించుకుంది. కదిపేది ఆవిడ, భుజానికి తగిలేది నా చెయ్యి. ఇంకేముంది, అమ్మమ్మ నోరు తెరిచింది. "ఒసేయ్ రాక్షసీ! మేడంగారి పక్కన నిలబడి కూడా బుద్ధి రాలేదా? అక్కడే, అక్కడే, చంపేసేవే!" తిట్టు మొదలైనచోట మేడం ఆగేది, తిట్టు తగ్గాక మళ్లీ కాస్త జరిపేది. క్లినిక్ అంతా వినిపించేలా తిట్లు తింటూ అంత ఆనందంగా నిలబడిన మనిషిని మీరు చూసి ఉండరు. కొన్నాళ్లకి, "ఇక నువ్వే చెయ్యి, నేను పక్కనుంటా" అని మేడం నా చేతి మీదనుంచి తన చెయ్యి తీసేసింది.

ఒక ఆదివారం అమ్మమ్మ తన కొప్పు తనే ముడుచుకుంది, కొంచెం పక్కకి ఒరిగినా సరే. గుడి బయట అందరూ చుట్టూ చేరి అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "అంతా ఆ మస్కట్ మేడంగారి చలవండీ. మా పిల్ల ఊరికే పక్కన నిలబడి పీక్కు తినేది." ఆ పూట నేను రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను.

ఇప్పుడు రాజోలులో నాకు సొంత క్లినిక్ ఉంది. మాస్టర్స్ చేశాను, ఆ చేతుల కోర్సులూ చేశాను, బోర్డు మీద నా డిగ్రీలు రెండో వరసలోకి దిగాయి. అమ్మమ్మ లేదు. నిన్న ఒక పెద్దావిడ భుజం పట్టుకుని నొప్పిగా ఉందా అండీ అని అడిగితే, కళ్లల్లో నీళ్లు కనబడుతుండగానే, "ఆయ్, లేదండీ మేడంగారూ, హాయిగా ఉందండీ" అంది. తెర అవతల మలికిపురం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిని ఎవరో "ఒసేయ్ చంపేసేవే" అని తిడుతున్నారు. కాసేపు కుళ్లుకుంటూ ఆ తిట్లు విన్నాను. తరవాత తెర తీసి, "అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి నా చెయ్యి కింద నీ చెయ్యి పెట్టు" అన్నాను.