గాజు గొట్టాలకు చింతపండు

మంగళవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి మా బడి కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఆ రోజుల్లో రాజపాళయంలో నీళ్ళు ఆగితే ఎవరూ గడియారం చూసేవాళ్ళు కారు. నేను చూశాను. మర్నాడు పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. సైన్సు గదిలో నలభై పరీక్ష గొట్టాలు మురికిగా ఉన్నాయి. వాటిని కడగడం నా ఉద్యోగం. ఉద్యోగమని పెద్ద మాటగా అంటున్నాను గానీ, టీచరుకు సామాను అందించడం, తర్వాత కడిగి పెట్టడం, అంతే. చేరి రెండు నెలలైంది. నాకు పంతొమ్మిదేళ్ళు. మా ఇంట్లో అంతకుముందు ఆడవాళ్ళెవరూ బయటికి వెళ్ళి పని చెయ్యలేదు. మా అత్త (మా నాన్నకు అక్క కూడా ఆవిడే, కాబట్టి నన్ను కోడలిగా కన్నా ముందు మేనకోడలిగా తిట్టేది) పది రోజులు చెప్పి చెప్పి మామను ఒప్పించింది. మామ ఒక్కటే షరతు పెట్టాడు: "బడి నించి ఒక్క మాట వచ్చిందా, ఆ పొద్దే నిలిపెయ్యాల. సరేనా?"

గొట్టాలన్నీ రెండు చెక్కపెట్టెల్లో గడ్డి వేసి సర్దుకుని ఇంటికి తెచ్చాను. పెరట్లో బావి ఉంది. పడమటి కొండల మీద ఎండ ఇంకా పోలేదు. మిల్లుల వైపునుంచి వచ్చిన దూది నూగు గాలిలో తేలుతోంది, ఎక్కడా వాలే తొందర లేనట్టు. అత్త ఒక గొట్టం తీసి కంటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కొండను చూసింది.

"ఇంత సన్నంగా ఉందే, దీంట్లో ఏం తాగుతారే?"

"తాగేది కాదత్తా. మందులు కలిపి ఏం రంగు వచ్చిందో చూస్తారు."

"చూసి?"

"రాసుకుంటారు."

"దీనికా నీకు నెలనెలా సంబళం ఇచ్చేది!" అని కొంగు దోపుకుని నా పక్కన కూర్చుంది.

బడిలో ఇచ్చిన బ్రష్షుకు వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. చీపురు పుల్లల కొసలకు కొబ్బరి పీచు చుట్టుకున్నాం. మాకు తెలిసిన శుభ్రం రెండే రకాలు: మసి పట్టిన పాత్రకు బూడిద, ఇత్తడికి చింతపండు. గాజు ఈ రెంటిలో ఎందులోకి వస్తుందో ఇద్దరికీ తెలియదు. లాంతరు చిమ్నీని బూడిదతోనే కదా తుడుస్తాం అని నేనన్నాను. మెరుపు కావాలంటే చింతపండే అని అత్త అంది. వాదన తెగలేదు కాబట్టి పెట్టెలు పంచుకున్నాం. నా ఇరవైకీ బూడిద, ఆమె ఇరవైకీ చింతపండు. తోమి, ఎవరి బకెట్లో వాళ్ళం ఒక్కసారి ముంచి తీసి గుడ్డమీద ఆరబెట్టాం. సాయంకాలపు వెలుగులో అవి ఎంత అందంగా ఉన్నాయంటే, మామ భోజనానికి పిలిచేదాకా అక్కణ్ణించి లేవలేదు. (గొట్టం అడుగుకు మా పుల్లలు అందలేదన్న సంగతి అంత అందంలో ఎవరికి కనిపిస్తుంది?)

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. టీచరు నా పెట్టెలోని గొట్టంలో నీళ్ళు పోసింది. "ఇది ఉత్త నీళ్ళు. ఈ ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే రంగు మారదు, చూడండి." కాగితం చక్కగా నీలంగా మారింది. టీచరు నవ్వబోయి ఆగి, రెండో పెట్టెలోంచి ఇంకో గొట్టం తీసి, ఈసారి నీలి కాగితం ముంచింది. అది ఎర్రబడింది.

"ఎన్నమ్మా ఇదు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఇదేమిటమ్మా అని అడిగిన ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ముందు బెంచీలో పిల్ల ఒకతి గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని, "టీచర్, రసం వాసన వస్తాంది!" అంది. గది గదంతా నవ్వింది. పక్కనున్న పిల్ల నా గొట్టం ఎత్తి చూసి, "దీంట్లో బూడిద ఉంది, టీచర్. మా అమ్మ కూడా ఇట్లే తోముతుంది" అంది.

టీచరు ఒక్క నిమిషం నావైపు చూసింది. తర్వాత పిల్లలవైపు తిరిగి, "సరి. బూడిదకు ఏ రంగు, పులుపుకు ఏ రంగు, మీరే చెప్పండి" అంది. వాళ్ళు చెప్పారు. ఆ ఏడాది వాళ్ళకు బాగా వచ్చిన పాఠం అదొక్కటేనని తర్వాత టీచరే నాతో అంది. నాకైతే అప్పుడు ఏమీ వినబడలేదు. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. "ఇకమీద సబ్బు. ఆపైన మూడు నీళ్ళు. ఒక పెట్టెకు బూడిద, ఒక పెట్టెకు చింతపండు అంటే ఇంట్లో ఇంకొకరున్నారు కదా, వాళ్ళకూ చెప్పు."

ఇంటికి దారి ఎప్పుడూ అంత పొడుగ్గా లేదు. మామ అరుగుమీదే ఉన్నాడు. నా ముఖం చూసి అడిగాడు.

"ఏమ్మా, మాట ఏమన్నా వచ్చిందా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. జరిగిందంతా చెప్పాను. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నిలిపెయ్యమనే మాట ఆయన నోటిదాకా వచ్చిందని నాకు తెలుసు. అంతలో అత్త వాకిట్లోకి వచ్చింది.

"మాట వచ్చింది నిజమే. ఇంట్లో ఉండే ఇంకొకరికి వచ్చినాది. అంటే నాకు. నేను నిలిపేస్తాలే, చింతపండు."

మామ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ బడిలోనే ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. కుళాయి ఆగినప్పుడల్లా పెట్టెలు మా పెరట్లోకి వచ్చేవి. అత్త సబ్బుతో తోమేది, నేను మూడు నీళ్ళతో తొలిచేదాన్ని. ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో గాజు సామాను యంత్రం కడుగుతుంది. గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా, పై అరలో బోర్లించాలి. సన్నపు కాడ గ్లాసులు అసలు పెట్టకూడదు. ఇవన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాను. తలుపు మూశాక కూడా అక్కడే నిలబడి ఉంటాను, సంబళం నాకే వస్తున్నట్టు. "వెళ్ళి కూర్చో అమ్మా, అది చేసుకుంటుంది" అంటుంది మా అమ్మాయి. వెళ్ళి కూర్చుంటాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఒకరు తోముతుంటే పక్కన కూర్చుని ఇంకొకరు తొలవడం మా ఇళ్ళల్లో ఇప్పుడు లేదు.