హేమలత కాషన్ ఆర్డర్

2004 ఏప్రిల్. గుంతకల్లులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక చిన్న బడిలో నేను అప్పటికి ఆరేళ్లుగా టీచర్ని. ఆ నెలలో హేమలత టెన్త్ పరీక్షలు రాసి వచ్చి, "మేడం, నేను కాలేజీకి పోతా. ఎంపీసీ" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మా బడి నుంచి అప్పటిదాకా కాలేజీ మెట్లెక్కిన వాళ్లు ఒక్కరూ లేరు.

హేమలతకు ఆటిజం. అది జబ్బు కాదు, లోకాన్ని చూసే తీరు, వినే తీరు వేరుగా ఉండటం. మనం పట్టించుకోని శబ్దం ఆ పిల్ల చెవిలో సుత్తి దెబ్బలా పడుతుంది. అనుకున్నది అనుకున్నట్టు జరగకపోతే కాళ్ల కింద నేల కదిలినట్టే. లెక్కల్లో మాత్రం నేను పుస్తకం తెరిచేలోగా జవాబు చెప్పేసేది. వాళ్ల నాన్న గూడ్స్ రైలు డ్రైవరు. నెలలో సగం రోజులు పట్టాల మీదే ఉండే మనిషి.

ఊళ్లో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ మంచివాడే కాని భయస్తుడు. సీటు ఇస్తాననీ, నెల రోజులు చూస్తాననీ, పిల్లకు కుదరకపోతే గొడవ లేకుండా టీసీ తీసుకుని వెళ్లిపోవాలనీ ముందే చెప్పేశాడు. సరేనన్నాం. ఆ నెల రోజుల మీదే అంతా ఆధారపడి ఉంది.

నేను ఎండాకాలమంతా పనిలో పడ్డాను. విజువల్ షెడ్యూల్ అని మా వృత్తిలో ఒకటుంది. రోజులో దేని తర్వాత ఏది వస్తుందో బొమ్మలతో, టైములతో రాసి పెట్టే చార్టు. అట్ట మీద రంగు స్కెచ్ పెన్నులతో నేనే గీశాను. సెలవుల్లో ఖాళీగా ఉన్న కాలేజీలో హేమలతను పదిహేను రోజులు తిప్పాను. అటెండర్ ఓబులేసన్న తాళాలు తీసేవాడు. ఏ గది, ఏ బెంచీ, నీళ్ల డ్రమ్ము ఎక్కడ, బెల్లుగా కొట్టే రైలు పట్టా ముక్క ఎక్కడ వేలాడుతోంది, అన్నీ చూపించాను. చివరి రోజు హేమలత చార్టు మీద వేలు పెట్టి "ఇది మారదు కదా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మారదన్నాను. పైగా చార్టు నెత్తిన "ఇది మారదు" అని ఎర్ర అక్షరాలతో రాశాను కూడా. అంత తెలివి నాది.

కాలేజీ తెరిచిన మొదటి రోజే మూడో పీరియడ్‌కు ఫిజిక్స్ సార్ రాలేదు. కెమిస్ట్రీ సార్ వచ్చాడు. హేమలత లేచి నిలబడి ఇది ఫిజిక్స్ అంది. క్లాసంతా నవ్వింది. అప్పుడే బెల్లు మోగింది. నాకు కబురొచ్చి పరుగెత్తేసరికి, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒకటే మాట అంటోంది: "మారదు. మేడం చెప్పింది. మారదు."

ఆ మాట విన్నప్పుడు పడ్డ సిగ్గు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు పిల్లది కాదు, కాలేజీది కాదు, నాది. ఇంకొక్కసారి ఇలా జరిగితే టీసీ రాసిస్తానన్నాడు ప్రిన్సిపాల్.

సాయంత్రం వాళ్ల నాన్న డ్యూటీ దిగి నేరుగా మా బడికే వచ్చాడు. నేను జరిగిందంతా చెప్పి, తప్పు ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. చొక్కా జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"ఇది కాషన్ ఆర్డర్ మేడం. ముందర యాడన్నా పట్టా పని జరుగుతాంటే, ఈ కిలోమీటరు నుంచి ఆ కిలోమీటరు దాకా నిదానంగా పో అని స్టేషన్ మాస్టరు రాసి, బండి కదలకముందే మా చేతికిస్తాడు. చూసుకుని సంతకం పెడతా. అది దాటినాక మామూలు స్పీడే."

"అంటే?" అన్నాను.

"మారితే ఏం కాదు మేడం. ముందర చెప్పాల. యాడిదాకనో కూడా చెప్పాల. నాకే చెప్పకపోతే నేను బండి యాడ నిలబెడతానో."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆరేళ్ల అనుభవం, రెండు ట్రైనింగులు ఉన్నదాన్ని. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పూటే పోయి కార్బన్ పేపర్ పెట్టి రాసే బిల్లు పుస్తకం ఒకటి కొన్నాను. మర్నాడు చార్టు మీద ఎర్ర అక్షరాలు హేమలత చేతే కొట్టేయించి, కింద "మారితే కాషన్ ఆర్డర్ వస్తుంది" అని రాయించాను.

ఏ లెక్చరర్ సెలవులో ఉన్నాడో పొద్దున్నే అందరికంటే ముందు తెలిసేది ఓబులేసన్నకే. కాబట్టి స్టేషన్ మాస్టర్ ఆయనే. తొలి కాగితం ఇలా వచ్చింది: "రెండో పీరియడ్ ఇంగ్లీష్ సార్ రాడు. లెక్కల సార్ వస్తాడు. పదకొండు దాకా. తర్వాత మామూలే." హేమలత రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, నకలు ఆయనకిచ్చి క్లాసులోకి నడిచింది. ఆ రోజు ఏ గొడవా లేదు. మర్నాడూ లేదు.

ఓబులేసన్నకు హుషారెక్కింది. నీళ్ల ట్యాంకరు రాకపోతే కాషన్ ఆర్డర్, బెల్లు కొట్టే ముందు కాషన్ ఆర్డర్. ఒకరోజు "ప్రిన్సిపాల్ సార్ కోపంగా ఉండాడు, మధ్యాహ్నం దాకా" అని కూడా రాసిచ్చాడు. ఆ నకలు ప్రిన్సిపాల్ కంటపడింది. ఆయన నవ్వలేక నవ్వాడు. నెల తిరిగేసరికి టీసీ మాట ఎవరూ ఎత్తలేదు.

అసలు పరీక్ష మార్చిలో వచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షల సెంటర్ వేరే కాలేజీలో పడింది. లెక్కల పేపర్ రోజు రూమ్ నంబర్ ఆరు అని ముందే చూసి, కాగితం రాసిచ్చి లోపలికి పంపాను. తొమ్మిది దాటాక గేటు దగ్గర వాచ్‌మన్ చల్లగా చెప్పాడు, ఆరో నంబర్ గదిలో ఫ్యాన్లు తిరగడం లేదని పిల్లల్ని ఇంకో గదికి మార్చారట. లోపలికి వెళ్లనివ్వరు. లోపల ఓబులేసన్న లేడు, నేను లేను. వాళ్ల నాన్న చెట్టు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆ మూడు గంటలు నా ప్రాణం నా దగ్గర లేదు.

పన్నెండుకు హేమలత ప్యాడు పట్టుకుని మామూలుగా నడిచి వచ్చింది. నేను రాసిచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. వెనక పెన్సిల్‌తో రాసి ఉంది: "రూమ్ ఆరు కాదు. రూమ్ రెండు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా. తర్వాత మామూలే." కింద హేమలత సంతకం, దాని పక్కన ఇన్విజిలేటర్ సంతకం.

"ఎవరిచ్చారమ్మా ఇది?" అన్నాను.

"నేనే ఇచ్చుకున్నా. సార్‌తో సంతకం పెట్టించినా."

నేను ఆ రోడ్డు మీదే ఏడ్చేశాను, నవ్వుతూనే. వాళ్ల నాన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, మడిచి, తన కాషన్ ఆర్డర్లు పెట్టుకునే జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మా బడి నుంచి చాలామంది కాలేజీకి వెళ్లారు. వాళ్లలో ఏ ఒక్కరికీ నేను "మారదు" అని మాట ఇవ్వలేదు. వేసవిలో మొదటి పాఠంగా కాగితం, పెన్సిల్ చేతికిచ్చి, ఎవరి కాషన్ ఆర్డర్ వాళ్లే రాసుకోవడం నేర్పుతాను.