మామ బండికి ఒరిజినల్ సామాను

ఒక బండిని బాగుచేసి ఒక నిండు కుటుంబాన్ని ఎలా పాడుచేయవచ్చో తెలుసుకోవాలనుకునేవారు ముందుకు చదవవచ్చు. ఈ పని నేను పగబట్టి చేయలేదు. ప్రేమతో, పట్టుదలతో, ఒక్కొక్క నట్టు వెతికి మరీ చేశాను. పగబట్టి చేస్తే ఇంత బాగా కుదిరేది కాదు.

మా మామ మాణిక్‌రెడ్డిది యాలాల్ దాటాక వచ్చే ఒక పల్లె. కందులు పండిస్తాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, కాబట్టి ఇద్దరం అల్లుళ్ళం. పెద్దల్లుడు రాజేందరన్న తాండూరులో నాపరాయి పాలిషింగ్ మిషన్లు పెట్టాడు. చిన్నల్లుణ్ణి నేను. వికారాబాద్‌లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఫిజిక్స్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

మామకు ఒక జపాన్ బండి ఉంది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే పాతకాలపు బండి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి దాన్ని యాలాల్ దాకా నడిపాను. దిగేసరికి నాకు అర్థమైంది, ఈ ఇంట్లో నాకు నచ్చినవి రెండు ఉన్నాయని. ఒకటి అప్పటికే నాకిచ్చేశారు. రెండోది కూడా కావాలనిపించింది. ఏళ్ళు గడిచినా ఆ కోరిక తగ్గలేదు.

అయితే అది జపాన్ బండి అని మామ చెబితే తప్ప తెలిసేది కాదు. ట్యాంకుకు ఇంటి గేటుకు వేసిన ఆకుపచ్చ రంగే వేశారు. ముందు మడ్‌గార్డు వేరే ఏదో బండిది. సైలెన్సర్ అతుకులతో నిండిపోయి, లోపలి భాగం ఎప్పుడో రాలిపోయి, వట్టి గొట్టంగా మిగిలింది. చైన్ కవర్‌ను ట్రాక్టర్ షెడ్డులో దొరికిన తీగతో కట్టారు. బండి కదిలితే చాలు, బోనాల ఊరేగింపు ఒకటి, పాత ఇనుప సామాన్ల దుకాణం ఒకటి కలిసి వస్తున్నట్టు ఉండేది.

ఇంటికి ముందు పొడవాటి దిగుడు ఉంది. మామ దిగుడు మీదికి రాగానే పెట్రోల్ ఆదా కోసం ఇంజన్ బంద్ చేసి, గేటు దాకా దొర్లుకుంటూ వస్తాడు. ఇంజన్ ఆగినా సప్పుడు ఆగేది కాదు. చైన్ కవర్, మడ్‌గార్డు, స్టాండు మూడూ కలిసి కిందిదాకా మోగేవి. ఆ మోత వినబడగానే మా అత్తమ్మ టీవీ సీరియల్ ఆపి చాట చేతిలోకి తీసుకునేది. జీతగాడు బాలప్ప మంచం మీంచి లేచి పార అందుకునేవాడు. సెలవుకు వచ్చిన రాజేందరన్న పేకముక్కల మీద దుప్పటి కప్పి, దాని మీద కూర్చుని పేపర్ తెరిచేవాడు. పేపర్ ఏ తేదీదైనా ఫరవాలేదు. మామ గేటు తీసేసరికి ఇల్లంతా చెమటోడుస్తూ కనబడేది. ఎవరూ కూడబలుక్కోలేదు, ఏళ్ళ తరబడి అలా అలవాటైపోయింది.

పాపం మామకు ఇదేమీ తెలియదు. "నా ఇంట్ల ఒక్కడు ఖాళీగ కూసోడు" అని యాలాల్‌లో, దోమ మండలంలో, చుట్టాలున్న ప్రతి ఊళ్ళో చెప్పుకునేవాడు.

ఒకరోజు అన్నాల దగ్గర మామ మోకాళ్ళు తడుముకుంటూ, ఇక బండి నడపడం తన వల్ల కాదని, అల్లుళ్ళలో ఎవరు దాన్ని మంచిగా చూసుకుంటారో వాళ్ళకే ఇస్తానని చెప్పాడు. రాజేందరన్న తనకు రెండు కార్లున్న సంగతి ఆ క్షణంలోనే మరిచిపోయి, "నేను జూసుకుంట మామా" అన్నాడు. నేను చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. వెంటనే లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా మాటిచ్చాను.

"మామా, కంపెనీల నుంచి వచ్చిననాడు ఎట్లుండెనో గట్ల జేసి తెస్త. ఒక్క నట్టు గూడ డూప్లికేట్ ఉండది."

మామ తాళం నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగడమే నా పని. బండిని అక్కడ మెకానిక్ గౌస్‌భాయ్ షెడ్డులో విప్పి పెట్టించాను. గౌస్‌భాయ్ మంచివాడే, కానీ ఆయన దృష్టిలో బండికి పట్టేదల్లా ఒరిజినలే. పట్టనిదాన్ని సుత్తితో పట్టిస్తాడు. నేను పక్కన స్టూలేసుకుని కూర్చుని, భూతద్దం పెట్టి ప్రతి వస్తువు మీదా జపాన్ ముద్ర వెతికేవాణ్ణి. ముద్ర లేని వాషర్‌ను ఆయన దొంగతనంగా బిగిస్తే విప్పించాను. ఆ రోజు ఆయన నాకు చాయ్ చెప్పలేదు.

చైన్ కవర్ జహీరాబాద్‌లో ఒకాయన అటక మీద దొరికింది. సైలెన్సర్ హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారులో, ఇంకా కాగితం కూడా విప్పకుండా దొరికింది. దాన్ని దుప్పట్లో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెస్తుంటే, ఎదుటి సీటు పెద్దాయన చాలాసేపు చూసి, ఏం వాయిస్తారు సార్ అని మర్యాదగా అడిగాడు. ఇది వాయించేది కాదు, మోగకుండా ఉండటానికి అని చెప్పాను. ఆయన లేచి వేరే సీట్లోకి వెళ్ళాడు. ఆయనకు ఆ రోజే నా సంగతి అర్థమైనట్టుంది. నాకే ఆలస్యమైంది.

ఇక పాత సామానంతా, అంటే ఆ తీగ కట్టిన చైన్ కవర్, అరువు మడ్‌గార్డు, అతుకుల సైలెన్సర్, అన్నీ నా చేతులతో నేనే మూటగట్టి తుక్కువాడికి ఇచ్చేశాను. ఇంటికి పట్టిన శని వదిలిందని గౌస్‌భాయ్‌తో అన్నాను కూడా.

కందులు కోతకొచ్చేసరికి బండి తయారైంది. ఇంటి ముందు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. మామ ఒక్క కిక్కు కొట్టాడు. ఇంజన్ మెత్తగా గొణిగింది. ఎక్కడా గలగల లేదు, గిలగిల లేదు. మామ తువ్వాలతో ట్యాంకు తుడిచాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అల్లుడా, కోతలు గానియ్యి. బండి నీదే" అన్నాడు.

రాజేందరన్న మొహం చూడాలని ఉన్నా చూడలేదు. గెలిచినవాడు హుందాగా ఉండాలి కదా. మామ యాలాల్ దాకా పోయి వస్తానని బయలుదేరాడు. ఆయన పోగానే ఇల్లు యథాస్థితికి వచ్చింది. అత్తమ్మ సీరియల్ పెట్టింది, బాలప్ప మంచమెక్కాడు, రాజేందరన్న ఓటమిని మరిచిపోవడానికి ముక్కలు పంచాడు.

నాకు మాత్రం గెలుపు తలకెక్కింది. దండెం మీదున్న మామ పాత తువ్వాల తలకు చుట్టుకుని, అరుగు మీది ఆయన కుర్చీలో గేటుకు వీపు పెట్టి కూర్చుని, ఆయన గొంతు పట్టాను.

"నా ఇంట్ల ఒక్కడు ఖాళీగ కూసోడు. ఇంజన్ బంద్ జేసేది పెట్రోల్ కోసమనుకుంటున్నరా? ఇంజన్‌కు జర రెస్టు. నా బండి సప్పుడైతె చీమలు గూడ లైన్ల వడుతయ్."

బాలప్ప మంచం మీద దొర్లి నవ్వాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రాజేందరన్న కూడా నవ్వాడు, తోడల్లుడు నవ్వాడంటే అంతకంటే బిరుదు ఏం కావాలి? నాకు ఊపొచ్చింది. మోకాళ్ళు తడుముకుంటూ లేచి మామ నడక కూడా నడిచి చూపించాను. ఎందుకో నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నడక సరిగా కుదరలేదేమోనని ఇంకొంచెం కుంటుతూ నడిచాను.

"చీమల ముచ్చట నేనెన్నడు అనలే" అన్నది నా వెనక ఒక గొంతు.

తిరిగి చూశాను. తెరిచే ఉన్న గేటు లోపల బండి మీద మామ. దిగుడు మీద ఎప్పటిలాగే ఇంజన్ బంద్ చేశాడు. నేను ఊళ్ళూ బజార్లూ తిరిగి తెచ్చిన చైన్ కవర్, మడ్‌గార్డు, స్టాండు ఒక్కటి కూడా కిక్కురుమనలేదు. మోగడానికి ఏ వస్తువూ మిగల్చని బండి మోగదు. ఇదీ ఫిజిక్సే.

మామ ఒక్కొక్కరినే చూశాడు. టీవీని చూశాడు. మంచం మీద బాలప్పను చూశాడు. దుప్పటి కిందికి పోవడానికి టైము దొరకని పేకముక్కలను చూశాడు. చివరికి నా తల మీది తన తువ్వాలను చూశాడు. తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అల్లుడా, మస్తు పని జేసినవ్. ఇన్నేండ్లకు నా ఇల్లు నాకు కనవడ్డది. గీ బండి ఇగ ఎవ్వలకియ్య."

"మరి మోకాళ్ళు మామా?" అన్నాను, ఆశ చావక.

"పోయినయ్ నొప్పులు."

నిజంగానే పోయినట్టున్నాయి. ఆ వారం నుంచి మామ పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి, బుద్ధి పుట్టినప్పుడల్లా బండి తీసి, దిగుడు మీద ఇంజన్ ఆపి, గాలిలాగా గేట్లోకి దిగేవాడు. అత్తమ్మ సీరియల్లో ఎవరు ఎవరిని పెళ్ళిచేసుకున్నారో తెలియక పరేషాన్ అయింది. బాలప్ప చిక్కిపోయాడు. రాజేందరన్న అత్తగారింటికి రావడమే తగ్గించాడు. చివరికి అత్తమ్మ నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగింది.

"అయ్యా, గా పాత రేకులు యాడ పారేసినవ్? జర తెచ్చి పెట్టరాదు?"

తుక్కువాడి దగ్గరికి పరుగెత్తాను. అవన్నీ ఎప్పుడో కరిగిపోయి ఉంటాయన్నాడు. గౌస్‌భాయ్ దగ్గరికి వెళ్ళి, ఈసారి నోరు విప్పి డూప్లికేట్ చైన్ కవరే కావాలని, తీగతో వదులుగా కట్టాలని, బాగా మోగాలని బతిమాలాను. ఆయన నా భూతద్దాన్ని మరిచిపోలేదు. సుత్తి పక్కన పెట్టి, తీరిగ్గా చాయ్ తాగి చెప్పాడు.

"కవర్ దొరుకుతది సార్. కని ఒరిజినల్ సప్పుడు రాదు."

ఇప్పుడు మామ హుషారు పెరిగి, అప్పుడప్పుడు వికారాబాద్ దాకా కూడా వస్తున్నాడు. మా వీధి కూడా దిగుడే. మొన్న మా ఆవిడ సుజాత, ఇంటి గేటు కిర్రుమని చెవులకు తూట్లు పొడుస్తోందని, కాస్త నూనె వేయమని అడిగింది. అనంతగిరి కొండల మీది గుడి వైపు తిరిగి, చేతులు జోడించి, అందరూ వినేలా ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణముండగా ఆ గేటు మీద ఒక్క నూనె చుక్క పడనివ్వను.