పంచె మీద కోటు

ఆదివారం పొద్దున ఉగ్గాని తింటుండగా అత్త ఫోన్ చేసింది. "ఏం చేస్తాండావమ్మా?" అని అడిగింది. తింటున్నానని చెప్పాను. "సరే, తినేసి చెయ్యి. నిదానంగానే తిను" అని పెట్టేసింది. గొంతులో ఏ తేడా లేదు. ఏ కరెంటు బిల్లు సంగతో, మాత్రల సంగతో అనుకున్నాను. బజ్జీ కూడా తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చేశాను.

"మీ మామ లేయల్యామ్మా. ఎంత పిలిచినా పలకల్యా" అంది.

ఆయన మా అమ్మకు అన్న, నాకు మేనమామ. బంధువుల్లో చిన్నా పెద్దా అందరికీ ఓడమామ. మైదుకూరు అవతల మగ్గాల ఊళ్లో, నేతవాళ్ల ఇంట్లో పుట్టాడు. ఆ చుట్టుపక్కల ఓడ కాదు కదా, తెప్ప తేలేటన్ని నీళ్లు కూడా నేనెప్పుడూ చూడలేదు. గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం చేతకాక మద్రాసుకు పారిపోయాడని మా అమ్మ చెప్పేది. చేతనయ్యే పోయాను, అన్నం పుట్టకపోతే పోయాను అని ఆయన చెప్పేవాడు. ఏదైతేనేం, మద్రాసు నుంచి పెనాంగు, సింగపూరు పోయే ప్రయాణికుల ఓడలో పనికి కుదిరాడు. మొదటి తరగతి వాళ్ల భోజనాల హాలు తలుపు దగ్గర నిలబడడం ఆయన పని.

నిలబడి చూడవలసింది బట్టలు. సాయంత్రం భోజనానికి మగవాళ్లు కోటు, టై, మెరిసే బూట్లతో రావాలి. ఆడవాళ్లు పట్టుచీరలోనో, పొడుగు గౌనులోనో రావాలి. డెక్కు మీద చాపలు పరుచుకుని పోయేవాళ్లను ఏం కట్టుకున్నారని ఎవరూ అడగరు, ఎందుకంటే వాళ్లకు ఆ హాల్లోకి దారే లేదు. కోటు తెచ్చుకోని పెద్దమనుషుల కోసం తలుపు వెనక కొన్ని కోట్లు తగిలించి ఉండేవి.

ఆ దారిలో ఓడలు ఆగిపోయాక కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాంక బోడి మల్లయ్య" అని నవ్వుకుంటూ కర్నూలు వచ్చి, బస్టాండు దగ్గర భోజన హోటలు పెట్టాడు. నాకు బాగా తెలిసిన మామ ఆ హోటలు మామే.

మన హోటళ్ల సంగతి మీకూ తెలుసు. మధ్యాహ్నమైతే తినేవాడి కుర్చీ వెనక ఇంకొకడు నిలబడి, వీడు మజ్జిగ దాకా ఎప్పుడొస్తాడా అని విస్తట్లోకి చూస్తుంటాడు. మామ హోటల్లో అది కుదరదు. బయట బెంచీ వేయించాడు. "కూర్చోప్పా. తినే మనిషిని లేపగూడదు. సూపుతో గూడా లేపగూడదు" అనేవాడు. హమాలీలు ఒంటి మీద తుండుగుడ్డతో వచ్చినా, లుంగీ ఎగ్గట్టుకుని వచ్చినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. తను మాత్రం కర్నూలు ఎండల్లో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు గుండీలతో సహా పెట్టుకుని గల్లా దగ్గర కూర్చునేవాడు. బెంచీ మీద కూర్చునే ఓపిక లేనివాళ్లు ఎదురు హోటలుకు పోయారు. హోటలు మూతపడడానికి ఆ బెంచీయే కారణమని అత్త ఇప్పటికీ అంటుంది.

ఇంట్లోనూ అంతే. మేం తింటుంటే ఫోన్ మోగినా, తలుపు తట్టినా, లేవడానికి ఒప్పుకునేవాడు కాదు. చిన్నప్పుడు నాకది చాదస్తంగా తోచేది.

నేను కాలేజీలో ఉద్యోగానికి చేరిన రోజు నా చీర ఆయనే ఇస్త్రీ చేశాడు. కుచ్చిళ్ల మడతలు కూడా పెట్టిచ్చి, "గుడ్డ మనిషికి మర్యాద ఇయ్యాలమ్మా, మనిషి దగ్గర గుంజుకోగూడదు" అన్నాడు. కాలేజీకి ఆలస్యమవుతోందని నేను సరిగ్గా వినలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, నా ఒళ్లు కూడా పాత గుడ్డలా అయ్యాక ఆ మాట తరచు గుర్తొస్తోంది.

ఆ అలసటలోనే, ఎక్కడికైనా నాలుగు రోజులు పోయి పడుకోవాలనిపించి, చెన్నై నుంచి బయలుదేరే విహార ఓడకు టికెట్లు తీశాను. మామకూ అత్తకూ కూడా తీశాను. సంబరపడతాడనుకున్నాను. ఆయన టికెట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం గుడ్డలు ఏసుకోవాలంట?" అన్నాడు చివరికి.

"ఏవైనా వేసుకోవచ్చు మామా. నిక్కరైనా పర్వాలేదు."

నవ్వలేదు. "పంచె?"

"పంచె కూడా."

"అడిగి సెప్పు."

ఆయన ముందే ఓడ కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయికి నా ప్రశ్నే అర్థం కాలేదు. మీకు సుఖంగా ఉండేవి వేసుకోండి మేడం అంది. ఆ మాట విన్నాక మామ ఒక సంగతి చెప్పాడు. అత్తకు తెలుసునట. నేను వినడం అదే మొదటిసారి.

ఆయన పనిలో చేరిన కొత్తల్లో, ప్రొద్దుటూరు వైపు పెద్దాయన ఒకరు కూతురి కాన్పుకని పెనాంగు పోతూ మొదటి తరగతిలో ఎక్కాడు. తెల్లటి పంచె, భుజాన కండువా. హాలు తలుపు దగ్గర మామ మాట తీరు విని, "యా ఊరప్పా నీది?" అని అడిగాడు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేనిచోట ఆ మాట వినేసరికి మామకు ప్రాణం లేచొచ్చింది. కోటు ఒక్కటే కదా తక్కువ అనుకున్నాడు. మా వైపు ప్లీడర్లూ పెద్ద పంతుళ్లూ పంచె మీదే కోటు వేసుకునేవాళ్లు. అంతకు మించిన మర్యాద వేషం ఒకటుంటుందని ఆయనకేం తెలుసు? తలుపు వెనక కోట్లలో ఒకటి తీసి, తన చేతులతో తొడిగి, గుండీలు పెట్టి, తీసుకుపోయి కూర్చోబెట్టాడు.

పెద్దాయన అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, హాలు మీద అజమాయిషీ చేసే అధికారి చూశాడు. ప్యాంటు లేని మనిషికి కోటు ఎవరిచ్చారని అడిగాడు. ఇచ్చినవాడే పోయి లేపాలన్నాడు.

"ఏమని లేపినావు మామా?" అని అడిగాను.

"ఏమనల్యామ్మా. పక్కన పోయి నిలబడుకున్నా. ఆయప్పే నా మొగం సూసి లేసినాడు. ఎంగిలి చేత్తోనే. సెయ్యి కడుక్కోని, కోటు ఇప్పి మడిచి ఇచ్చి, 'నలగల్యా, సూసుకోప్పా' అన్యాడు. దిగేదాకా ఆయప్ప కూడు నేనే గదికి తీసకపోయినా. ఊరి సంగతులు అడుగుతాండె, బాగనే మాట్లాడుతాండె. తిట్టింటే బాగుండు."

తర్వాత ఆయన కళ్ల ముందే ఆ నియమాలన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. "మొదట టై పాయె. తర్వాత ఎండాకాలమని కోటు పాయె. ఆఖరుకు కాలరన్నా ఉంటే సాలనిరి. ఒకనాడు పంచె గూడా సరేనని కాగితమొచ్చె. తలుపు మీద నేనే అంటిచ్చినా" అన్నాడు.

ఓడ ఎక్కిన సాయంత్రం మామ గంజి పెట్టిన పంచె కట్టి, దాని మీద నా పెళ్లికి కుట్టించుకున్న నల్లకోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని భోజనాల హాలుకు బయలుదేరాడు. హాలు నిండా నిక్కర్లు, బనీన్లు, హవాయి చెప్పులు. ఈతకొలను నుంచి తడితువ్వాలుతోనే వచ్చి నూడుల్స్ పెట్టించుకుంటున్నవాళ్లు. చంటిదాన్ని చంకనేసుకుని, నైటీ మీద చున్నీ కప్పుకున్న ఒకావిడ. ఎందుకో ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడా అలసిపోయినట్టే ఉంది.

మామ తలుపు దగ్గర ఆగిపోయాడు.

"రా మామా, కుర్చీలు దొరకవు."

"ఉండమ్మా. ఎవరన్నా వస్తారేమో సూద్దాం."

జనం ఆయన్ని తప్పుకుంటూ లోపలికి పోతున్నారు. కాసేపటికి ఓడ అమ్మాయి ఒకతె వచ్చింది. మామ కోటు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఆయన అరచేతిలో సీసాలోని చేతులు శుభ్రం చేసుకునే మందు కాస్త వేసి, నవ్వి, వెనకవాళ్ల వైపు తిరిగింది. పంచె కేసి చూడనైనా లేదు. మామ ఆ తడిచెయ్యి అలాగే పట్టుకుని, "ఇంతేనా?" అన్నాడు.

కూర్చున్నాక అన్నం కలిపాడు కానీ ముద్ద ఎత్తలేదు. తలుపు వైపే చూస్తూ, "దీనికా నేను ఆయప్పను లేపింది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఒట్టి అలసటే ఉంది.

తర్వాత తినడం మొదలుపెట్టాడు. పప్పు, చారు, పెరుగు, ఏదీ వదలకుండా చాలా నెమ్మదిగా తిన్నాడు. బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. తుడిచే మనిషి గుడ్డ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నాకు మొహమాటమేసి, ఇక పోదాం మామా అనబోయాను. అత్త నా చెయ్యి నొక్కి పట్టుకుంది. "తిననీ" అంది.

అత్త ఫోన్ చేసిన ఆ ఆదివారం నేను ఆటోలో పోయి వాళ్ల ఇంట్లో అడుగుపెట్టేసరికి, మామను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఇస్త్రీ పంచె, నిండు చేతుల చొక్కా. మణికట్టు గుండీలు కూడా పెట్టి ఉన్నాయి. ఏడవడం అయ్యాక, ఎప్పుడు జరిగిందని అడిగాను.

"తెల్లవారకముందే పోయినట్టుండాడమ్మా. సూసుకున్నాంక మొదట నీకే చేసినా."

"మరి అప్పుడే చెప్పలేదేం అత్తా?"

"తింటాండా అంటివి కదమ్మా" అంది.

నేను ఉగ్గానిలో మిరపకాయలు ఏరి పక్కన పెడుతున్నంతసేపూ, ఇంకో బజ్జీ వేసుకుని తిన్నంతసేపూ, ఆమె ఎవరినీ పిలవకుండా, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, ఆయన తల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది.