వెనక ఎడమ మూల వైరు

దయ్యాలున్నాయని చెప్పిన ఇళ్ళకు నన్ను చాలాసార్లు పిలిచారు. నాది కరెంటు పని. లైటు దానంతటదే ఆరిపోతోందని ఒకరు, మేడ మీద ఫ్యాను ఎవరూ వేయకుండానే తిరుగుతోందని ఇంకొకరు. నేను వెళ్ళి వదులైన న్యూట్రల్ వైరు బిగించి, పాడైన స్విచ్చి మార్చి వచ్చేవాణ్ణి. అక్కడితో ఆ ఇంటి దయ్యం పోయేది. ఇన్నేళ్ళలో ఒక్కచోట కూడా వేరే కారణం కనిపించలేదు. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నా నోటితో చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది.

మాది కడప. నేను, మస్తాన్ కలిసి ఇళ్ళకు వైరింగు చేసేవాళ్ళం. ఈమధ్య హోమ్ థియేటర్ గదులు ఎక్కువయ్యాయి. గది కట్టేటప్పుడే గోడల్లో పైపులు పెట్టి, ఆ తర్వాత వాటిలోంచి చుట్టూ ఉండే స్పీకర్లకు వైర్లు లాగాలి. దానికి ఇద్దరు కావాలి. ముందు నేను పైపులోకి పొడుగాటి స్ప్రింగు తీగ పంపిస్తాను. అవతల మస్తాన్ దాని కొసకు వైరు కడతాడు. అతను అక్కడ తోస్తుంటే నేను ఇక్కడ లాగుతాను. మధ్యలో గోడ ఉంటుంది కాబట్టి ఒకరికొకరు కనపడం. పైపు మూతికి నోరు పెట్టి మాట్లాడితే అవతల వినపడుతుంది. మస్తాన్ మాట్లాడేవాడు కాదు. తోసే ముందు రెండుసార్లు చిన్నగా గుంజేవాడు. తను సిద్ధం, ఇక లాగమని. కొన్ని పూటలు మా మధ్య అంతకు మించి సంభాషణే ఉండేది కాదు.

ఎండాకాలంలో మస్తాన్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా మారింది. భార్య నూర్జహాన్ పుట్టిల్లు కర్నూలు కావడంతో అక్కడే ఒక ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళి చూశాను. ఎవరిదో చెయ్యి తెచ్చి పక్కన పెట్టినట్టు పడి ఉంది ఆ చెయ్యి. వేళ్ళు కదిలించమని డాక్టరు అడిగితే మస్తాన్ దానివైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పటికే ఒప్పుకున్న పని ఒకటి ఉంది. తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం చేసే సుదర్శన్ రెడ్డి రాయచోటి రోడ్డు వైపు ఇల్లు కడుతున్నాడు. మేడ మీద సినిమాలకని ఒక గది వేయించాడు.

"దినమంతా మిషన్ల మోత వింటాండానప్పా. ఇంటికొచ్చినాక మంచి సౌండు ఒకటి కావల్ల నాకు," అన్నాడు పని చెప్పినప్పుడు.

మస్తాన్ పడిపోయాక ఆ గదిలో పైపులు నేనే వేశాను. మేస్త్రీలు కాస్త సాయం పట్టారు. వైర్లు లాగే రోజుకు వాళ్ళు వేరే ఊరు పోయారు. మరుసటి రోజు పీఓపీ వాళ్ళు వచ్చి గోడలు, పైకప్పు మూసేస్తారు. రెండు రోజులు ఆపమని రెడ్డికి ఫోన్ చేశాను.

"వాళ్ళు ఇప్పుడు పోతే మళ్ళా యాడ దొరుకుతారప్పా? ఎట్లో ఒకట్ల కానిచ్చేయ్," అన్నాడు.

అతని తప్పేమీ లేదు. ఒక్కణ్ణే వెళ్ళాను.

ఆ గది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. యాంప్లిఫయరు పెట్టడానికి దానికి ఆనుకుని ఒక చిన్న గది ఉంది. కిటికీ లేదు. ఉన్న ఒక్క వాకిలి పెద్ద గదిలోకే. పైపులన్నీ ఆ చిన్న గదిలో మొదలై, గోడల్లోంచి ఒక్కో స్పీకరు చోటికి పోతాయి. చిన్న గదిలోకి ఎవరు పోవాలన్నా పెద్ద గదిలో నా ముందు నుంచే పోవాలి. ఇసుక మీద కుక్కలు పడుకుంటున్నాయని కింద గేటుకు లోపలి నుంచి గొళ్ళెం కూడా నేనే పెట్టాను.

ఒంటరిగా లాగడం ఎలాగంటే, చిన్న గదిలో కొంత తోసి, ఇవతలికి వచ్చి కొంత లాగి, మళ్ళీ అవతలికి పోవాలి. స్లాబు వేడి నెత్తి మీదికి దిగుతోంది. ముందు వైపు వైర్లు ఎలాగో పూర్తయ్యాయి. వెనక ఎడమ మూలకు పోయేది అన్నిటికన్నా పొడుగు పైపు. స్ప్రింగు పోయింది, వైరు కట్టాను, సగం దాకా వచ్చి వంపు దగ్గర ఇరుక్కుంది. అవతలికి, ఇవతలికి తిరిగి తిరిగి కాళ్ళు లాగేశాయి. అరచేయి ఒరుసుకుపోయింది. ఇక కాదని ఆ మూల నేల మీద కూలబడ్డాను.

దూరంగా మసీదులో మధ్యాహ్నం నమాజుకు పిలిచే అజా మొదలైంది. అలవాటు కొద్దీ పైపు మూతికి నోరు పెట్టి, "తోయప్పా మస్తాన్," అన్నాను. అవతల మనిషి ఉన్నాడనుకుని అనలేదు. అలిసిపోయినవాడు ఏదో ఒకటి అంటాడు.

నా చేతిలోని స్ప్రింగు రెండుసార్లు చిన్నగా అవతలికి గుంజుకుంది.

లాగాను. వైరు వచ్చింది. బిగువు లేకుండా, అవతల మనిషి తోస్తే ఎలా వస్తుందో అలాగే. మూరెడు వచ్చి ఆగుతుంది, మళ్ళీ మూరెడు. నేను ఆపితే అదీ ఆగింది. ఉన్నమాట చెప్పాలంటే ఆ కాసేపు నాకు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది. ఒళ్ళు అంతగా అలిసిపోయి ఉంటే మనసు ప్రశ్నలు వేయదేమో. కావలసినంత వచ్చాక "చాలు" అన్నాను. ఆగిపోయింది.

అప్పుడు లేచి చిన్న గదిలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. వైరు చుట్టను నేను గోడకున్న ఇనుప కడ్డీకి తగిలించి వచ్చాను. ఇప్పుడది నేల మీద ఉంది. మెలికలు పడకుండా ఎనిమిది అంకెలాగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంది. అలా పేర్చే ఓపిక నాకెప్పుడూ లేదు. అది మస్తాన్ చేసే పని.

కిందికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి నూర్జహాన్ ఫోన్ చేసింది. ఏడుస్తోంది. మస్తాన్ పోయాడేమో అనుకున్నాను.

"అన్నా, ఈయన చెయ్యి కదిలింది."

"ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే. అజా అయితాన్నప్పుడు. దుప్పటి అంచు పట్టుకొని రెండు చేతులతో ముందుకు తోస్తానే ఉండాడు. ఏం చేస్తాండావని అడిగితే పలకలే. మళ్ళా తనే ఆపేసినాడు."

మంచిదమ్మా అని మాత్రం అన్నాను. తర్వాత పైకి వెళ్ళి మిగిలిన వెనక కుడి వైరు ఒక్కణ్ణే లాగాను. పొద్దు గూకేదాకా పట్టింది. అవతల నుంచి ఏదీ గుంజలేదు.

ఆ తర్వాత మస్తాన్ చెయ్యి మళ్ళీ కదల్లేదు. ఒక్కోసారి అలా కదలొచ్చని డాక్టరు అన్నాడట. మస్తాన్‌కు అదేమీ గుర్తు లేదు. నేనూ కారణాలు వెతికాను. ఎండకు పైపు సాగి వదులై ఉండొచ్చు. కడ్డీ మీద నుంచి చుట్ట జారి ఉండొచ్చు. కానీ జారిన చుట్ట అలా పేర్చుకోదు.

వాళ్ళు కడపకు తిరిగొచ్చాక, మస్తాన్ నిద్రపోతుండగా నూర్జహాన్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"ఇంకోతూరి లాగి చూస్తావా అన్నా?" అంది.

"అది నా చేతుల్లో లేదమ్మా."

"తెలుసన్నా. అయినా చూడు. నేను ఆయన పక్కనే కూచుంటా."

కొన్నాళ్ళకు ఒంటిమిట్ట దారిలో ఒక ఇంట్లో అలాంటి గదే దొరికింది. ఆ పూట ఎవరినీ రావద్దన్నాను. అజా వేళకు నూర్జహాన్‌కు ఫోన్ కలిపి పక్కన పెట్టుకున్నాను. వైరు వంపు దగ్గర ఆగింది. పైపులోకి, "తోయప్పా మస్తాన్," అన్నాను. చూశాను. మళ్ళీ అన్నాను. స్ప్రింగు నా చేతిలో చలనం లేకుండా ఉంది. ఫోన్లో వాళ్ళింటి ఫ్యాను చప్పుడు వినపడుతోంది.

"ఏమన్నా ఉండాదా అమ్మా?"

"లేదన్నా." కొంచెం ఆగి, "చెయ్యి నా చేతిలోనే ఉండాది. వెచ్చగా ఉండాది. అంతే," అంది.

వెనక నుంచి మస్తాన్ ముద్ద మాట వినపడింది. నాకు అర్థం కాలేదు. ఏమంటున్నాడని అడిగాను.

"ఫోన్లో ఎవరని అడిగితే అన్న అని చెప్పినా. పని యాడిదాకా వచ్చిందంటాండాడు."

"సగం అయిందని చెప్పమ్మా," అన్నాను.

రెడ్డి ఇంట్లో ఆ మధ్యాహ్నం వైరు తోసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కసారి వచ్చింది మళ్ళీ ఎందుకు రాలేదో అంతకంటే తెలియదు. ఆ రోజు ఫోన్ పెట్టేసి, అవతలి గదిలోకి పోయి నేనే తోశాను. ఇవతలికి వచ్చి నేనే లాగాను.